తిల్దాలో దిగాల్సిన పెట్టె

మందిర్ హసౌద్ అనే ఊరు దాటి అరమైలు పోతే రోడ్డుకి ఎడమచేతి వైపు నీలం రేకుల గోదాం ఒకటి కనిపిస్తుంది. పొద్దున్న ఆరున్నరకి దాని షట్టర్లు లేస్తాయి. అప్పటికే విశాఖపట్నం నుంచో నాగపూర్ నుంచో వచ్చిన పెద్ద లారీలు రెండో మూడో వెనక్కి తిరిగి అరుగుకి ఆనుకుని ఉంటాయి. సరుకు దిగుతుంది, ఊళ్ళవారీగా విడిపోతుంది, మధ్యాహ్నానికల్లా చిన్న బళ్ళలోకి ఎక్కి బిలాస్‌పూర్‌కీ ధమ్తరీకీ మహాసముంద్‌కీ వెళ్ళిపోతుంది. సబ్బులు, పంపుసెట్లు, మందుల డబ్బాలు, పిల్లల సైకిళ్ళు, బియ్యం మిల్లుల సామాను. గోదాం అంటే సరుకు దాచుకునే చోటని బయటివాళ్ళ భ్రమ. అక్కడ పనిచేసేవాళ్ళని అడిగితే, రెండు రోజులకి మించి ఏ పెట్టె అయినా అక్కడే ఉందంటే ఎవరో పని ఎగ్గొట్టారనే చెప్తారు.

ఈశ్వర్ అక్కడ లోడింగ్ సూపర్‌వైజర్. నలభై రెండేళ్ళవాడు, జేబులో రెండు పెన్నులు పెట్టుకు తిరిగేవాడు. తండ్రి వెంకటస్వామి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉంటూ ముప్పై మూడేళ్ళు రైలు వ్యాగన్లు బాగుచేసి, ఆరేళ్ళ కింద కాలం చేశాడు. కొడుకు గ్రీజు అంటని ఉద్యోగం చెయ్యాలన్నది ఆయన కోరిక. కోరిక తీరింది. ఈశ్వర్ చేతికి సిరా తప్ప ఏమీ అంటదు.

సరుకు ఒరుగుతుందన్న సంగతి ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. ప్రతి పెట్టె తనకోసం ఎదురుచూస్తున్న మనిషి వైపు అగ్గిపుల్ల మందాన ఒరిగి ఉంటుంది. ధమ్తరీ సరుకు దక్షిణానికి, మహాసముంద్ సరుకు తూర్పుకి. అందుకే దక్షిణం సరుకుని దక్షిణం గోడకి ఆనించి పేరుస్తారు. లేకపోతే మర్నాడు వచ్చేసరికి దొంతర దొంతరంతా కూలబడి ఉంటుంది. కొత్తగా చేరిన హమాలీకి మొదటి రోజు నేర్పేవి రెండే: లోపల బీడీ కాల్చకూడదు, ఒరుగు చూసి పేర్చాలి.

దిక్కు ఎవరికైనా కనిపిస్తుంది. ఊరు చెప్పడమే కష్టం. తిల్దా, భాటాపారా, బిలాస్‌పూర్ మూడూ ఉత్తరాన ఒకే దారిలో ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. మూడింటి సరుకూ ఒక్క పక్కకే ఒరుగుతుంది. కాకపోతే దగ్గర ఊరి సరుకు పసిపిల్ల కొంగు పట్టుకున్నట్టు గుంజుతుంది, దూరం ఊరిది నింపాదిగా లాగుతుంది. ఆ తేడా తెలిసిన అరచెయ్యి గోదాం మొత్తానికి ఒకటే ఉంది. అది దానయ్యది.

దానయ్యకి అరవై రెండేళ్ళు. వెంకటస్వామి ఊరివాడే. రైల్వే గూడ్సు షెడ్డులో బస్తాలు మోసి మోసి, లారీల కాలం వచ్చాక గోదాముకి మారాడు. అక్షరం ముక్క రాదు. పెట్టె మీద కుడి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, తెరిచి, ఊరి పేరు చెప్తాడు. ఈశ్వర్ చిట్టీలో రాసుకుంటాడు. చిన్నప్పుడు ఈశ్వర్ ఆయన్ని మావా అని పిలిచేవాడు, ఇప్పటికీ అలాగే పిలుస్తాడు. దానయ్య మాత్రం ఈశ్వర్ సూపర్‌వైజర్ అయిన రోజు నుంచీ, ఎవరూ చెప్పకుండానే, గోదాములో బాబూ అనడం మొదలుపెట్టాడు. ఈశ్వర్ వద్దనలేదు. వినడానికి బాగానే ఉంది మరి.

ఊరు తెలియడం అంత ముఖ్యం ఎందుకంటే, చివర దిగేది ముందు ఎక్కాలి. బిలాస్‌పూర్ బండిలో బిలాస్‌పూర్ సరుకు లోపలి కొసన పడాలి, తిల్దా సరుకు అన్నిటికంటే ఆఖరున తలుపు దగ్గర పడాలి. తిల్దా పెట్టె పొరపాటున లోపలికి పోయిందా, డ్రైవరు రోడ్డు మీద బండి ఆపి రెండొందల పెట్టెలు దించి దాన్ని వెతకడు. దాన్ని మోసుకుని బిలాస్‌పూర్ పోతాడు.

జీఎస్‌టీ వచ్చిన మరుసటి ఏడు డిసెంబరులో జరిగింది ఇది. ఆ రోజు ముంబై హెడ్డాఫీసు నుంచి ఇద్దరు పెద్దమనుషులు గోదాం చూడటానికి వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, మెళ్ళో కార్డులు. మేనేజర్ ప్రేమ్‌చంద్ వాళ్ళని ఈశ్వర్‌కి అప్పగించి ఫోను మాట్లాడుకోవడానికి పోయాడు. హమాలీలంతా బండి లోపల ఉన్నారు. అరుగు మీద దానయ్య, ఈశ్వర్, ఆ ఇద్దరు.

దానయ్య ఒక పొడుగాటి పెట్టె మీద చెయ్యి వేశాడు. బియ్యం మిల్లులో ధాన్యాన్ని పైకెత్తే బెల్టు అందులో ఉంది.

"తిల్దా బాబూ," అని అరుగు అవతలి కొసనున్న పెట్టెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఈశ్వర్ తిల్దా అని రాశాడు. ముంబై మనిషి ఒకాయన పెట్టె మీది బిల్టీ అనే రవాణా కాగితం చూసి, "ఇక్కడ బిలాస్‌పూర్ అని ఉందే," అన్నాడు హిందీలో. "మీరు కాగితం చూసి రాయరా? ఆ ముసలాయన్ని అడిగి రాస్తారా?"

ఆయన వెటకారంగా కూడా అనలేదు. తెలుసుకుందామని అడిగాడు, అంతే. కానీ ఈశ్వర్‌కి చెవులు వేడెక్కాయి. పదిహేనేళ్ళుగా తను చేస్తున్న ఉద్యోగం మొత్తం, ఒక వేలిముద్రగాడు చెప్పింది రాసుకోవడమేనని ఆ క్షణంలో అతనికే తెలిసినట్టయింది. "అబ్బే, కాగితమే చూస్తాం సార్. ఆయన అలవాటు కొద్దీ ఏదో అంటుంటాడు," అన్నాడు. తిల్దా కొట్టేసి పక్కన బిలాస్‌పూర్ అని రాశాడు. తనే స్వయంగా ఆ పెట్టె ఎత్తించి లోపలి కొసకి పంపించాడు.

బిల్టీలో రెండు అడ్రసులుంటాయి. పైనది సరుకు కొన్నవాళ్ళ ఆఫీసు. కిందది సరుకు దిగాల్సిన చోటు. మొన్న చేరిన హమాలీకి కూడా తెలిసిన సంగతి అది. ఈశ్వర్ పైన చదివి ఊరుకున్నాడు.

పెట్టె బిలాస్‌పూర్ పోయింది. అక్కడ ఐదు రోజులు పడుంది. ఆరో రోజు అక్కడి గోదాంవాళ్ళు ఫోను చేసి, "మీ పెట్టె ఒకటి మా దక్షిణం గోడని తోసేస్తోందయ్యా, ప్లాస్టరు రాలుతోంది, తీసుకుపోండి," అని విసుక్కున్నారు. ఈలోగా తిల్దాలో బెల్టు లేక మిల్లు ఆగిపోయింది. ఆడాల్సిన ధాన్యం బస్తాలు ఆరుబయట పేరుకుపోయాయి. అకాలంగా వాన పట్టుకుంది, మూడు రోజులు వదల్లేదు. టార్పాలిన్లు చాలినన్ని బస్తాలు మిగిలాయి, మిగతావి తడిసి మొలకలెత్తాయి. ఆ బియ్యం కోసం స్టేషన్లో నిలిచిన వ్యాగన్లు ఖాళీగా కదిలాయి. ఆ వ్యాగన్లు చేరాల్సిన ఊళ్ళలో రేషన్ షాపుల దాకా జనం వచ్చి ఖాళీ సంచులతో వెళ్ళిపోయారు. ఒక్క బెల్టు అంత దూరం పాకింది.

మిల్లు యజమాని గట్టిగా అరిచాడు. తప్పు ఎవరిదో పేరు కావాలని పైవాళ్ళు అడిగారు. ప్రేమ్‌చంద్ ఈశ్వర్‌నీ దానయ్యనీ గదిలోకి పిలిచాడు.

"ఆ పెట్టెకి ఊరు ఎవరు చెప్పారు?"

ఈశ్వర్ నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. ఈ మాట నమ్మాలి. కానీ తెరిచిన నోటిలోంచి వచ్చింది ఇది: "దానయ్యే సార్. బిలాస్‌పూర్ అన్నాడు."

ప్రేమ్‌చంద్ దానయ్య వైపు చూశాడు. దానయ్య గుర్తుచేసుకోబోయాడు. ఆ రోజు ఆయన చేతికింద మూడు వందల డెబ్బై పెట్టెలు పోయాయి. ఏ పెట్టెకి ఏమన్నాడో ఎక్కడ గుర్తుంటుంది?

"నాను అలగ అన్నానేటి..." అని తెలుగులో గొణిగి, ఈశ్వర్ మొహం చూసి, ప్రేమ్‌చంద్‌తో హిందీలో అన్నాడు. "బాబు చెప్తున్నాడంటే నిజమే అయ్యుంటుంది సాబ్. బాబుకి అబద్ధం చెప్పాల్సిన పనేముంది?"

మర్నాటి నుంచి దానయ్యని రావద్దన్నారు. ఆయన తన బస్తాలెత్తే కొక్కెం సంచిలో వేసుకుని, అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఈశ్వర్‌కి కూడా పెట్టాడు.

తిల్దా కొట్టేసి బిలాస్‌పూర్ రాసిన ఆ చిట్టీ కాగితాన్ని ఈశ్వర్ పుస్తకంలోంచి చింపి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పారేద్దామనుకున్నాడు. చెయ్యి రాలేదు. రోజూ విప్పిన చొక్కాలోంచి తీసి తొడుక్కున్న చొక్కాలో పెట్టుకోవడం అలవాటైంది. తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. దానయ్య పేరు ఎవరెత్తినా బిల్టీల కట్ట వెతుక్కునేవాడు.

నాలుగో రోజు నుంచి అతను ఒరగడం మొదలుపెట్టాడు.

మొదట అగ్గిపుల్ల మందమే. చెప్పు అరిగిందనుకున్నాడు. కొత్త చెప్పులు కొన్నాడు. వారం తిరిగేసరికి ఒరుగు బెత్తెడయింది. పడమటికి, కొంచెం ఉత్తరంగా. అరుగు మీద నిలబడితే ఎవరో మొలతాడు పట్టుకుని లాగుతున్నట్టు ఉండేది. చాయ్ పోసేవాడు అతని ఒరుగుకి తగ్గట్టు గ్లాసు వంచి అందించేవాడు. లోపలికి వచ్చే డ్రైవర్లు ఒరిగిన వైపు కాకుండా రెండోవైపు నుంచి దాటి పోయేవాళ్ళు. గడ్డం మీద సున్నం అంటుకుందని చెప్పినంత మామూలుగా ఒక హమాలీ, "బాబూ, ఎవరిదో సామాను మీ దగ్గర ఉండిపోయినట్టుంది," అని తన పని తను చూసుకున్నాడు.

"నా దగ్గరేముంటుంది? ఏమీ లేదు," అని ఈశ్వర్ జేబు తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడి కథ చిన్నప్పుడు విని నవ్వినవాడే.

ప్రేమ్‌చంద్ కూడా ఒరుగు చూశాడు. "ఏదో డెలివరీ బాకీ పెట్టుకున్నట్టున్నావు. ముప్పై రోజులు దాటితే కంపెనీకి లెటర్ రాయాలి, తెలుసుగా," అన్నాడు కంప్యూటర్లోంచి తల తిప్పకుండా. సరుకైనా మనిషైనా ఆయనకి ఒకటే రూలు.

దానయ్య లేకపోయాక అరుగు మీద కాగితాలు చదివి పంపడం మొదలైంది. పెద్దగా తప్పులేమీ జరగలేదు. వారానికి ఒకటో రెండో పెట్టెలు దారి తప్పేవి, ఫోన్లు వచ్చేవి, తిరిగి వచ్చేవి. ప్రపంచమేం మునిగిపోలేదు. మునిగిపోయి ఉంటే బాగుండునని ఈశ్వర్‌కి అనిపించేది. దానయ్య లేకుండా గోదాం నడవడం చూస్తుంటే తన అబద్ధం పక్కన బల్ల వేసుకుని కూర్చుని ఉద్యోగం చేస్తున్నట్టు ఉండేది.

ఇంట్లో భార్య పూర్ణిమ మంచాన్ని తిప్పి వేసింది. పడమటి వైపు గోడ ఉంటే రాత్రి దొర్లి కిందపడడని. ఒకట్రెండు రోజులు ఆటపట్టించింది కూడా.

"పడమటి వైపు ఎవరున్నారేంటి మీకు? అటు కాలనీలో ఉండే మావయ్యగారు పోయి ఆరేళ్ళయింది. ఇంకెవరున్నారు అటు, నాకు తెలియకుండా?"

"ఎవరూ లేరు. కాస్త నడుం పట్టింది."

"నడుం పడితే మనుషులు వంగుతారు. ఒరగరు."

ఇరవయ్యో రోజు ఆమె నవ్వడం మానేసింది. బట్టలు నానబెట్టబోతూ జేబులు చూసింది. ఆ రోజు హడావిడిలో ఈశ్వర్ కాగితం మార్చుకోవడం మరిచాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ చిట్టీ మడత విప్పి, నలగకుండా, టీవీ పక్కన ఇత్తడి దీపపు కుంది కింద పెట్టి ఉంది. తిల్దా పెట్టె గొడవలో దానయ్య పని పోయిందని పూర్ణిమకి తెలుసు. అన్నం పెట్టింది, పప్పు వేసింది. అతను తినడం మొదలుపెట్టాక మెల్లిగా అంది.

"దానయ్య మావయ్యగారి ఇల్లు పడమటే కదా."

ఈశ్వర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెళ్ళైన కొత్తలో ఇదే మనిషితో, మా ఆఫీసులో నా మాటకి తిరుగు లేదని కోతలు కోసినవాడు తను. ఆమె ఇక ఆ ఊసు ఎత్తలేదు, మొహం తిప్పుకోలేదు, ఎప్పటిలాగే మజ్జిగ పోసింది. తిట్టి ఉంటే ఎదురు చెప్పేవాడు. ఆ మజ్జిగన్నం అతను సిగ్గుతో మింగాడు.

ఇరవై రెండో రోజు ఆదివారం. పొద్దున్న తొమ్మిదింటికి చిట్టీ జేబులో పెట్టుకుని స్కూటరు తీశాడు. దగ్గరయ్యే కొద్దీ ఒరుగు పెరిగింది. తెలిబంధా చౌక్ దాటాక ఒక్క చేత్తో హ్యాండిలు నెట్టి పట్టుకోవాల్సి వచ్చింది. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ గోడ వెంట బస్తీలోకి తిరిగేసరికి స్కూటరు ఇక నిలవలేదు. దాన్ని ఒక కిరాణా కొట్టు ముందు వదిలేసి, గోడ పట్టుకుని నడిచాడు. దారిలో మనుషులు పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఏదో డెలివరీ వెళ్తున్నట్టుంది పాపం, అనుకున్నారు.

దానయ్య ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి మణికట్టు దాకా తువ్వాలు చుట్టి ఉంది.

"ఈశ్వరూ! రారా. ఏటిలగ ఒరిగిపోయున్నావు? కూకో, కూకో." ఇంటి దగ్గర ఆయన బాబూ అనడు.

ఈశ్వర్ మంచం కొసన కూర్చున్నాడు. కూర్చోగానే ఒక సంగతి తెలిసింది. తన ఒరుగు దానయ్య వైపు లేదు. దానయ్యని దాటి, ఆయన భుజం మీదుగా సందు చివరికి లాగుతోంది. ఎదురుచూస్తున్నది ఈయన కాదు! ప్రాణం లేచివచ్చినట్టయింది అతనికి. ఈయనకి చెప్పక్కర్లేదు. చేరాల్సిన చోటు ఇది కాదు. లేచి, పలకరించి పోదామని వచ్చానని చెప్పి, వెళ్ళిపోవచ్చు. అలా సంతోషించిన మరుక్షణం తన మీద తనకి అసహ్యం వేసింది. దానయ్య ఎందుకు ఎదురుచూడటం లేదో అర్థమైంది. తప్పు తనదేనని నమ్మిన మనిషి, ఎవరో వచ్చి నిజం చెప్తారని ఎందుకు చూస్తాడు?

"చేతికేమైంది మావా?"

"ఏటీ అవలేదురా. దీన్ని సూడబుద్ధి కాక కట్టీసినాను." దానయ్య నవ్వే ప్రయత్నం చేశాడు. "తిల్దా ఎల్లినాను. నీకు తెల్దు కదూ. పాసింజరెక్కి ఎల్లినాను. మిల్లు సావుకారి కాళ్ళట్టుకుని, బాబూ నా సెయ్యి తప్పు సెప్పింది, నీ ధాన్యం నా వల్ల మునిగింది అని సెప్పినాను. ఆయన మంచోడే. లెమ్మన్నాడు. రెండు రోజులు ఆడనే ఉండి తడి ధాన్యం ఆరబోసి వచ్చినాను. సగం మొలకలొచ్చీసింది రా. సేతిలోకి తీసుకుంటే ముక్క వాసన."

ఈశ్వర్ మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ఉద్యోగం పోతుందని తెలుసు. పోగొట్టింది తనే. కానీ ఈ ముసలివాడు తన అబద్ధాన్ని మోసుకుని రైలెక్కి, ముక్కూ మొహం తెలియని మనిషి కాళ్ళు పట్టుకుంటాడని అతనికి తోచనే లేదు. తోచని తన బుద్ధికి కూడా సిగ్గేసింది.

"ఉండు, నువ్వెవరికోసం వచ్చినావో సూడనీ," అన్నాడు దానయ్య. అలవాటు కొద్దీ తువ్వాలు విప్పడం మొదలుపెట్టి, సగంలో ఆగాడు. "ఈ సెయ్యి నమ్మదగింది కాదు గానీ..." అంటూనే మిగతాది విప్పాడు. అరచెయ్యి ఈశ్వర్ రొమ్ము మీద ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. గరుగ్గా ఉంది. లోపల చొక్కా జేబులో కాగితం నలిగిన చప్పుడైంది.

"నాకు కాదు," అన్నాడు దానయ్య. "దగ్గర్లోనే ఉన్నాది. కుళాయి కాడ. మీ అత్తకేమో అనిపిస్తోంది." కళ్ళు తెరిచి చప్పున చెయ్యి తీసేశాడు. "ఏమోరా. తప్పేమో. నా మాట పట్టించుకోకు."

"తప్పు కాదు మావా," అన్నాడు ఈశ్వర్. "ఇప్పుడూ తప్పు కాదు. ఆ రోజూ తప్పు కాదు. నువ్వు తిల్దా అనే అన్నావు. నేను రాసి కొట్టేశాను. ముంబైవాళ్ళ ముందు నాకు నామోషీ అనిపించింది. తరవాత భయమేసింది. నీ మీదికి తోసేశాను."

దానయ్య తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. కోపం రాలేదు, ఏడుపు రాలేదు. చివరికి ఒక్క మాట అడిగాడు, నిజంగా తెలియక అడిగినట్టు.

"మరి నాను ఆయన కాళ్ళట్టుకున్నాను కదరా?"

ఈశ్వర్ విప్పిన తువ్వాలు తీసి మడత పెట్టసాగాడు.

అప్పుడు సందు చివరి నుంచి రమణమ్మ రెండు బక్కెట్లతో వస్తూ కనిపించింది. దానయ్య భార్య. సన్నటి మనిషి, నుదుట పెద్ద బొట్టు. ఆమె నడుస్తున్న కొద్దీ ఈశ్వర్ ఒరుగు ఆమెతో పాటే తిరిగింది. ఆమె ఎడమకి జరిగితే ఎడమకి, గుంట తప్పించుకుని కుడికి వస్తే కుడికి. దగ్గరకొచ్చి బక్కెట్లు దించేసరికి అతను దాదాపు ఆమె కాళ్ళ మీదికి వాలి ఉన్నాడు.

"వచ్చీసినావా," అంది రమణమ్మ. "ఇరవై రెండు రోజులు పట్టింది నీకు."

"అత్తా, నీకు తెలుసా?"

"నలభై ఏళ్ళు ఆ సేతికి అన్నం కలిపి పెట్టినాను. అది తప్పు సెప్పదని నాకు తెల్దేటి? ఈ మనిసి నమ్మడు. బాబు అబద్ధం ఆడడు, బాబు అబద్ధం ఆడడు అని ఒకటే పాట. ఎవడో ఒకడు వస్తాడని రోజూ సూసినాను. నువ్వే అని మట్టుకు అనుకోలేదు."

ఆఖరి మాట ఆమె గొంతు తగ్గించి అంది. ఈశ్వర్ జేబులోంచి చిట్టీ తీసి రెండు చేతులతో ఆమె ముందు పట్టాడు. ఇచ్చేస్తే అయిపోతుందనుకున్నాడు. ఇచ్చేస్తే నిటారుగా లేచి, కన్నీళ్ళు తుడుచుకుని, పూర్ణిమ మొహం చూడగలననుకున్నాడు.

రమణమ్మ చేతులు చాపలేదు.

"నానిక్కడ తీస్కోను," అంది. "సందులో ఇచ్చీసి ఎల్లిపోదామనేటి? ఎక్కడ ఈయన మీద ఎక్కించినావో, అక్కడే అందరి ముందూ దించు. రేపు మీ గోదాంకి నాను వస్తాను. అక్కడ తీస్కుంటాను."

ఈశ్వర్ తల ఊపి చిట్టీ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆ ఒరుగుతోనే తిరిగి నడిచాడు. దించుకోని సరుకుని వెనక్కి మోసుకుపోయే లారీకి ఎంత అవమానంగా ఉంటుందో అతనికి ఆ రోజు తెలిసింది. కిరాణా కొట్టువాడు స్కూటరు తాళం అందిస్తూ, "తీసుకోలేదా?" అని అడిగాడు. లేదన్నాడు ఈశ్వర్.

సోమవారం ఆరున్నరకి షట్టర్లు లేచాయి. నాగపూర్ బళ్ళు రెండు వెనక్కి తిరిగి ఉన్నాయి. రమణమ్మ, దానయ్య ఆరుంబావుకే బస్సు దిగి గేటు దగ్గర నిలబడ్డారు. దానయ్య ఉతికిన చొక్కా వేసుకున్నాడు, లోపలికి రావడానికి ఇబ్బందిపడుతున్నాడు. రమణమ్మ ఆయన్ని ముందుకి నెట్టింది. హమాలీలు పలకరించారు. ప్రేమ్‌చంద్ గదిలోంచి బయటికొచ్చి ఏమిటన్నట్టు చూశాడు.

ఈశ్వర్ అరుగు మధ్యలో నిలబడ్డాడు. నిలబడ్డాడనడం కూడా ఎక్కువే. రమణమ్మ నిలబడ్డ వైపు ఒరిగి, ఇనుప స్తంభాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. అక్కడున్నది పద్దెనిమిది మంది. అందరికీ తను బాబు. మందులు చేరకపోతే రోగి చస్తాడు, బెల్టు చేరకపోతే మిల్లు ఆగుతుంది, అందుకే జాగ్రత్తగా ఉండాలని వీళ్ళకి పదిహేనేళ్ళుగా పాఠాలు చెప్పిన నోరు తనది. చిట్టీ విప్పాడు. అందరికీ అర్థమయ్యేలా హిందీలో చదివాడు.

"నలభై ఒకటో పెట్టె. ఊరు తిల్దా. దానయ్య చెప్పాడు, నేను రాశాను." అక్కడ ఆగాడు. ప్రేమ్‌చంద్ చేతిలో ఫోను మోగింది, ఆయన ఎత్తలేదు. "కొట్టేసింది నేను. బిలాస్‌పూర్ అని రాసింది నేను. పెట్టెని లోపలికి పంపించింది నేను. దానయ్య అన్నాడని అబద్ధం చెప్పింది కూడా నేనే."

ఒక హమాలీ తన చేతిలోని కొక్కెం వైపు చూసుకున్నాడు. ఇంకొకడు దానయ్య దగ్గరికి వెళ్ళి పక్కన నిలబడ్డాడు. తరవాత ఇద్దరు, తరవాత నలుగురు. కాసేపటికి అరుగు మీద అందరూ ఆ పక్కనే ఉన్నారు, ఈ పక్కన స్తంభం, ఈశ్వర్ మిగిలారు.

రమణమ్మ మాత్రం ముందుకొచ్చింది. చిట్టీ తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

"అందింది," అంది.

ఈశ్వర్ నడుంలో ఏదో చిటుక్కుమంది. స్తంభం మీంచి చెయ్యి జారింది. నిటారుగా ఉన్నాడు. ఈ రోజు కోసం ఎన్ని మొక్కులు మొక్కుకున్నాడో, తీరా వచ్చాక అది చాలా చిన్న సంగతిలా ఉంది. ఇన్నాళ్ళూ ఒరిగి ఉన్నందుకు కళ్ళు నేల వైపే ఉండటానికి ఒక సాకు ఉండేది. ఇప్పుడు అందరి మొహాలూ తన మొహం ఎత్తులోనే ఉన్నాయి.

రమణమ్మ బస్సు టైమయిందని వెళ్ళిపోయింది. ప్రేమ్‌చంద్ గొంతు సవరించుకున్నాడు. ముంబైకి లెటర్ రాయాలి, వాళ్ళేమంటారో తెలియదన్నాడు. అప్పటిదాకా సూపర్‌వైజర్ ఎవరూ ఉండరన్నాడు.

"దానయ్య చెప్తాడు. నువ్వు రాస్తావు. నీ తరఫున ఒక్క అక్షరం కలపొద్దు."

నాగపూర్ బండి తలుపులు తెరుచుకున్నాయి. మొదటి పెట్టె దిగింది. దానయ్య దాని ముందుకొచ్చి, కుడి అరచేతిని ధోవతికి తుడుచుకుని, కాసేపు అలాగే ఆగాడు. హమాలీలంతా చేస్తున్న పని ఆపి చూస్తున్నారు. ఆయన చెయ్యి చాపాడు. వేళ్ళు విప్పి పెట్టె మీద ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు.

"భాటాపారా," అన్నాడు.

బాబూ అనకుండానే రెండో పెట్టె దగ్గరికి నడిచాడు. ఈశ్వర్ తల ఎత్తకుండా రాసుకున్నాడు.